జి.డి.నాయుడు

గోపాలస్వామి దొరస్వామి నాయుడు (మార్చి 23, 1893 - జనవరి 4, 1974) ప్రముఖ ఆవిష్కర్త, పారిశ్రామికవేత్త. జి.డి.నాయుడుగా ప్రసిద్ధుడు. తమిళనాడులోని కోయంబత్తూరు ప్రాంతంలో స్థిరపడిన తెలుగు కుటుంబానికి చెందినవాడు. ఇతనిని భారతదేశపు ఎడిసన్ అని కూడా వ్యవహరిస్తారు. మూడవ తరగతితో చదువు ఆపివేసిన ఇతడు మోటారు మెకానిక్కుగా జీవితం ప్రారంభించి బస్సు సర్వీసులు, విద్యుత్ మోటార్లు, రేడియోలు, సాంకేతిక విద్యాసంస్థల స్థాపన వరకు అనేక రంగాలలో కృషి చేశాడు.

బాల్యము

నాయుడు కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. తండ్రి గోపాలస్వామి నాయుడు. చిన్నతనంలోనే తల్లిని కోల్పోయాడు. బడి చదువు ఇతనికి రుచించలేదు. బడి మానిన తరువాత తండ్రి పొలంలో పనిచేస్తూ, సొంతంగా పుస్తకాలు చదువుకున్నాడు.

మోటారు సైకిలుతో పరిచయము

ఒక ఆంగ్లేయ రెవెన్యూ అధికారి నడిపే రడ్జ్ మోటారు సైకిలును చూడడం నాయుడు జీవితాన్ని మలుపు తిప్పింది. ఎద్దు గాని, గుర్రం గాని లేకుండా బండి ఎలా నడుస్తున్నదో తెలుసుకోవాలనే పట్టుదలతో కోయంబత్తూరు చేరి, హోటలులో సర్వరుగా పనిచేసి డబ్బు కూడబెట్టాడు. ఆ డబ్బుతో అదే బండిని కొన్నాడు. దానిని ఏ భాగానికా భాగం విడదీసి, తిరిగి బిగించి యంత్రం పనితీరును గ్రహించాడు. ఆ విధంగా మెకానిక్కు పని అతనికి అబ్బింది.

ఆ కాలపు ఇంజన్లలో నిప్పురవ్వ సమయము

ఆనాటి పెట్రోలు ఇంజన్లను బాగుచేయడంలో కీలకమైన పని ఇగ్నిషన్ టైమింగును సరిచేయడం. సిలిండరులోని పెట్రోలు, గాలి మిశ్రమం మండడానికి కొంత వ్యవధి పడుతుంది. అందువలన పిస్టను పైకొసకు చేరడానికి కొద్దిగా ముందే స్పార్క్ ప్లగ్గు వద్ద నిప్పురవ్వ పుట్టాలి. ఇంజను వేగం పెరిగేకొద్దీ ఆ రవ్వ మరింత ముందుగా రావాలి. రవ్వ మరీ ముందుగా వస్తే ఇంజను టకటకమని కొట్టుకుంటుంది, పిస్టన్లు దెబ్బతింటాయి. ఆలస్యమైతే బలం తగ్గి ఇంజను వేడెక్కుతుంది, పెట్రోలు వృథా అవుతుంది.

1910ల నాటి అనేక మోటారు సైకిళ్ళలో రవ్వను మాగ్నెటో పుట్టించేది. సమయాన్ని ముందుకూ వెనక్కూ జరపడానికి హ్యాండిలుకు ఒక చిన్న మీట ఉండేది. స్టార్టు చేసేటప్పుడు టైమింగును వెనక్కి ఉంచి, బండి పుంజుకున్నాక ముందుకు జరిపేవారు. కార్లలోనూ, బస్సులలోనూ ఈ జాగ్రత్త తప్పితే స్టార్టింగు హ్యాండిలు ఎదురుతిరిగి మణికట్టు విరిగే ప్రమాదముండేది. తరువాతి కాలపు డిస్ట్రిబ్యూటర్లలో ముందుగా పాయింట్ల మధ్య ఖాళీని సరిచేసి, ఆ పిమ్మట డిస్ట్రిబ్యూటరును కొద్దికొద్దిగా తిప్పి, గుర్తుల ప్రకారం టైమింగు కుదిర్చి బిగించేవారు. పాయింట్ల ఖాళీ మారితే టైమింగు కూడా మారుతుంది కనుక ఈ వరుస తప్పరాదు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో పెట్రోలు కొరత వలన దక్షిణాదిన చాలా బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచాయి. ఆ గ్యాసు నెమ్మదిగా మండుతుంది కాబట్టి టైమింగును మరింత ముందుకు జరపవలసి వచ్చేది.

బస్సు సర్వీసులు

1920లో నాయుడు కోయంబత్తూరులోని ఆంగ్లేయ వ్యాపారి రాబర్ట్ స్టేన్స్ సహాయంతో ఒక బస్సు కొని, పొల్లాచి - పళని మధ్య తానే స్వయంగా నడిపాడు. అదే క్రమంగా యూనివర్సల్ మోటార్ సర్వీసుగా ఎదిగింది. హైదరాబాదు సంస్థానంలో నిజాం ప్రభుత్వ రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించడానికి పన్నెండేళ్ళ ముందు మాట ఇది. అక్కడ ప్రభుత్వం చేసిన పనిని ఇక్కడ ఒక మెకానిక్కు ఒక్క బస్సుతో మొదలుపెట్టాడు.

ఆవిష్కరణలు

1937లో కోయంబత్తూరులోని పీలమేడులో గల నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ నుండి, భారతదేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారుగా పేరొందిన మోటారు వెలువడింది. ఇందులో డి.బాలసుందరం నాయుడు ఇతని సహచరుడు. పొడి బ్యాటరీలతో నడిచే రసాంత్ అనే గడ్డం గీసుకునే యంత్రం, పలుచని షేవింగు బ్లేళ్ళు, కిరోసిన్ ఫ్యాను, పండ్ల రసం తీసే యంత్రం, ఓట్లు నమోదుచేసే యంత్రం ఇతని ఇతర ఆవిష్కరణలు. 1941లో అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారు చేయగలనని ప్రకటించాడు. పత్తి, మొక్కజొన్న, బొప్పాయిలలో కొత్త రకాలను కూడా పెంచాడు.

1952లో రెండు సీట్ల పెట్రోలు కారును రూపొందించాడు. దాని ధర సుమారు 2,000 రూపాయలు. అయితే ప్రభుత్వం లైసెన్సు ఇవ్వకపోవడం వలన ఉత్పత్తి ఆగిపోయింది. ఆ రోజులలో కారు తయారీకి నైపుణ్యం ఒక్కటే చాలేది కాదు, ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. సామాన్యునికి అందుబాటులో ఉండగల ఆ చిన్న కారు రోడ్డెక్కలేకపోయింది.

విద్యారంగము

1945లో నాయుడు కృషితో, విరాళంతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరిట సాంకేతిక కళాశాల ఏర్పడింది. అదే నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల. మూడవ తరగతి మాత్రమే చదివిన నాయుడు దానికి ప్రిన్సిపాలుగా పనిచేశాడు. ఇంజనీరింగు చదువుకు నాలుగేళ్ళు అనవసరమనీ, చేతిపనితో కలిపి నేర్పితే రెండేళ్ళు చాలుననీ అతని అభిప్రాయం. బ్రిటిషు ప్రభుత్వం అందుకు అంగీకరించకపోవడంతో ఆ పదవిని వదులుకున్నాడు.

ఇతర విశేషాలు

* నాయుడుకు ఫొటోగ్రఫీలో ఆసక్తి మెండు. 1936లో లండనులో జరిగిన అయిదవ జార్జి చక్రవర్తి అంత్యక్రియలను చిత్రీకరించాడు.
* మద్రాసు రాష్ట్ర శాసనసభ ఎన్నికలలో పోటీచేసి ఓడిపోయాడు.

మరణము

నాయుడు 1974 జనవరి 4న మరణించాడు. కోయంబత్తూరులోని అవినాశి రోడ్డులో ఇతని పేరిట పారిశ్రామిక ప్రదర్శనశాల, పాత కార్ల ప్రదర్శనశాల ఉన్నాయి. అదే రోడ్డుపై 2025 అక్టోబరులో ప్రారంభమైన పైవంతెనకు జి.డి.నాయుడు పేరు పెట్టారు.