ఆగిపోయిన చోటు నుంచే మొదలెట్టాడు!

కొత్త గేమ్ కన్సోల్ ఇంటికొచ్చిన రోజు అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే. పాత డిస్కులు ఇందులో ఆడతాయా? ఆడితే పండగే. ఆడకపోతే ఏళ్ల తరబడి కొనుక్కున్న ఆటలన్నీ అటకెక్కాల్సిందే. పాత ఆట కొత్త మెషిన్‌లో నడవడాన్ని బ్యాక్‌వర్డ్ కంపాటబిలిటీ అంటారు. బొమ్మకీ శబ్దానికీ మెరుగులు దిద్ది మళ్లీ వదిలితే రీమాస్టర్. అదే ఆటను పునాది నుంచి కొత్తగా కడితే రీమేక్.

ఇలాంటి పనే కంప్యూటర్లు పుట్టకముందే, 14వ శతాబ్దంలో, ఓ తెలుగు కవి చేశాడు. ఆయన పుస్తకాల్లో ఒకటి నంద్యాల జిల్లా ఆళ్లగడ్డ దగ్గరున్న అహోబిలం నరసింహస్వామికి అంకితం. ఆయనే కవిత్రయంలో మూడోవాడు... ఎర్రాప్రగడ. అందరికీ తెలిసిన పేరు ఎర్రన.

సగంలో ఆగిన భారతం

ఎర్రనది కందుకూరు దగ్గరి గుడ్లూరు అని చెబుతారు. తండ్రి సూరన, తల్లి పోతమ్మ. గురువు శంకరస్వామి. శివభక్తుడు కావడంతో శంభుదాసుడని పేరొచ్చింది. 1323లో కాకతీయ రాజ్యం కూలింది. ఆ తర్వాత అద్దంకి రాజధానిగా ప్రోలయ వేమారెడ్డి కొత్త రాజ్యం నిలబెట్టాడు. ఎర్రన ఆయన ఆస్థాన కవి.

అప్పటికి తెలుగు భారతం పరిస్థితి విచిత్రంగా ఉంది. 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడి కోరికపై నన్నయ మొదలుపెట్టాడు. ఆది, సభా పర్వాలు పూర్తిచేసి, అరణ్య పర్వం నాలుగో ఆశ్వాసం మధ్యలో ఆగిపోయాడు. 13వ శతాబ్దంలో నెల్లూరు కవి తిక్కన విరాట పర్వం నుంచి అందుకుని మిగతా 15 పర్వాలూ రాసేశాడు. మధ్యలోని అరణ్య పర్వం మాత్రం అలాగే ఉండిపోయింది. దాన్ని ముట్టుకుంటే కీడు జరుగుతుందనే నమ్మకం కూడా జనంలో ఉండేది. అంటే ఆట మొదలుంది, చివరుంది, నడుమ కొన్ని లెవెళ్లు లేవు. నన్నయ వదిలేసిన దాదాపు 300 ఏళ్లకు ఆ ఖాళీ ఎర్రన చేతికొచ్చింది.

రెండు మెషిన్లకూ సరిపోయేలా

ఇక్కడ చిక్కేంటంటే, నన్నయ తెలుగు వేరు, తిక్కన తెలుగు వేరు. నన్నయది సంస్కృత సమాసాలతో నిండుగా, నిదానంగా సాగే నడక. తిక్కనది తెలుగు నుడికారం, నాటకంలా సాగే సంభాషణ. మధ్యలో ఎర్రన తన సొంత గొంతు వినిపిస్తే అతుకు స్పష్టంగా కనిపిస్తుంది.

ఆయన ఏం చేశాడంటే, నన్నయలా మొదలుపెట్టి మెల్లగా తిక్కన వైపు నడిచాడు. నన్నయ కలం ఆగింది శరత్కాలపు రాత్రుల వర్ణన దగ్గర. ఎర్రన కలం కదిలింది అదే శరత్కాలపు ఉదయంతో. రాత్రి ఆయనది, తెల్లవారడం ఈయనది. చదివేవాడికి చేయి మారినట్టే అనిపించదు. పర్వం ముగిసే సరికి భాష తిక్కన ఇంటి గుమ్మం దగ్గరికి చేరిపోయి ఉంటుంది.

ఇంకో సంగతి. తనను పోషిస్తున్నది వేమారెడ్డి అయినా, ఈ భాగాన్ని ఎర్రన ఎప్పుడో పోయిన రాజరాజ నరేంద్రుడికే అంకితమిచ్చాడు. పని మొదలైంది ఆయన కోసం కాబట్టి.

కన్సోల్ కంపెనీలు కూడా ఈ అతుకు దగ్గరే తిప్పలు పడ్డాయి. 2006లో వచ్చిన తొలి ప్లేస్టేషన్ 3 మోడళ్లలో ప్లేస్టేషన్ 2 ఆటల కోసం దాని చిప్‌లనే లోపల పెట్టారు. ఖర్చు తగ్గించుకోవడానికి తర్వాత తీసేశారు. ప్లేస్టేషన్ 3 ప్రాసెసర్ తీరే వేరు కావడంతో దాని డిస్కులు ప్లేస్టేషన్ 4లో ఆడలేదు. 4, 5 తరాల ప్రాసెసర్లు ఒకే కుటుంబానివి. అందుకే 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5లో పాత తరం ఆటలు చాలావరకు నడుస్తున్నాయి.

అహోబిలం కోసం కొత్త కట్టడం

అరణ్య పర్వంలో తనను తాను దాచుకున్న ఎర్రన, నృసింహ పురాణంలో బయటపడ్డాడు. తాత ఎర్రపోతసూరి కలలో కనిపించి రాయమన్నాడని చెప్పుకున్నాడు. అహోబిల క్షేత్ర మహిమ, హిరణ్యకశిపుడు, ప్రహ్లాదుడు... సంస్కృత పురాణ కథను తీసుకుని, వర్ణనలతో పెంచి, 5 ఆశ్వాసాల తెలుగు కావ్యంగా కట్టాడు. కథ పాతదే, కట్టడం పూర్తిగా కొత్తది. ప్రబంధ పరమేశ్వరుడన్న బిరుదుకు తగ్గ పని ఇది. వేమారెడ్డికీ ఈ కొండతో బంధముంది. అహోబిలం, శ్రీశైలం కొండలకు మెట్లు కట్టించింది ఆయనే.

ప్రహ్లాదుడి కథ అక్కడితో ఆగలేదు. పోతన భాగవతంలోకి వెళ్లింది. 1932లో తొలి తెలుగు టాకీగా తెరకెక్కింది. 1967లో రంగుల్లో మళ్లీ వచ్చింది. కొత్త మెషిన్ వచ్చిన ప్రతిసారీ దాన్ని మోసుకెళ్లేవాళ్లు దొరికారు.

ఆటల్లో దీనికి సరిపోలేది షాడో ఆఫ్ ది కొలోసస్. 2005లో ప్లేస్టేషన్ 2లో వచ్చింది. 2011లో ప్లేస్టేషన్ 3 కోసం మెరుగులు దిద్దారు. 2018లో ప్లేస్టేషన్ 4 కోసం బొమ్మంతా కొత్తగా గీశారు. ఆట నడిచే తీరు మాత్రం చెడగొట్టలేదు.

దొరకని రామాయణం

హరివంశం కంటే ముందే ఎర్రన ఓ రామాయణం రాశాడు. హరివంశం మనకుంది. రామాయణం లేదు. తాటాకు ఎక్కువ కాలం నిలిచేది కాదు. పురుగు తినకముందే ఎవరో ఒకరు కూర్చుని కొత్త ఆకుల మీదికి ఎక్కించాలి. ఆ రామాయణానికి అలాంటి చెయ్యి దొరకలేదు. ఇంకొకరు వదిలేసిన పనిని కాపాడిన మనిషి సొంత పుస్తకమే పోయింది!

ఆటలదీ ఇదే కథ. అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో కొనడానికి దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. 15 ఏళ్ల ఆటల గతే ఇలా ఉంటే 700 ఏళ్ల పుస్తకం సంగతి చెప్పేదేముంది?

మీకు పనికొచ్చేది

నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో ఇంజినీరింగ్ చదువుతూ కొత్త గేమ్ కట్టాలని కలగంటున్నారా? మంచిదే. కానీ తొలి ఉద్యోగంలో చేతికొచ్చేది చాలాసార్లు ఎవరో రాసి వెళ్లిపోయిన కోడే. పాత ఆటను కొత్త మెషిన్‌కి పోర్ట్ చేయడం, పాతదానితో పోల్చి తప్పులు పట్టే టెస్టింగ్, భాష మార్చే లోకలైజేషన్... ఇవన్నీ ఆ కోవలోని పనులే. చాలామంది వీటిని చిన్నచూపు చూస్తారు. మొత్తం చెరిపేసి మళ్లీ రాద్దామనిపిస్తుంది కూడా.

అప్పుడు ఎర్రనను గుర్తుచేసుకోండి. ముందువాడి పని పూర్తిగా చదవండి. ఎక్కడ ఆగాడో, ఎందుకలా రాశాడో అర్థమయ్యాకే కీబోర్డు ముట్టుకోండి. మీ తర్వాత వచ్చేవాడికి అర్థమయ్యేలా నోట్స్ రాసిపెట్టండి. సొంత ముద్ర వేయడానికి మీ నృసింహ పురాణం మీకెలాగూ ఉంటుంది. అది పూర్తయ్యాక మాత్రం ఇంకో కాపీ తీసి భద్రంగా పెట్టుకోండి.