రామమోహన రాయలవారును జ్యూరీ శాసనమును

1809వ సంవత్సరము జనవరి 1వ తేదీన రామమోహన రాయలవారు భాగల్పూరు పట్టణమున పల్లకిలో పోవుచుండిరి. ధూళి మిక్కుటముగా నుండుటచే పల్లకి తలుపు మూయబడి యుండెను. త్రోవప్రక్క నిలిచియున్న కలెక్టరు సర్ ఫ్రెడరిక్ హామిల్టను, తన యెదుట నొక దేశీయుడు పల్లకి దిగక పోవుటను సహింపజాలక దుర్భాషలాడెను. తాము చూడలేదని రాయలవారు విన్నవించినను తిట్లాగలేదు. అంతట వారు పల్లకి యెక్కి వెడలిపోయి, ఏప్రిలు నెలలో గవర్నరు జనరలగు మింటో ప్రభువునకు అర్జీ నంపుకొనిరి. ప్రభుత్వమువారు కలెక్టరు సంజాయిషీ గైకొని, ఇకముం దిట్టి తగవులు కూడదని మందలించి యూరకుండిరి. దేశీయుడే కలెక్టరును తిట్టియుండిన మందలింపుతో పోయెడిదా యని చదువరులే యోజింతురు గాక.

ఆ కాలమున న్యాయస్థానములు రెండు తెగలు. పల్లెలలోని కంపెనీ క్రిమినలు కోర్టులకు ఇంగ్లీషువారిని విచారించు నధికారము లేదు. నేరము పల్లెలో జరిగినను, ఫిర్యాది సాక్షులను వెంటబెట్టుకొని కలకత్తా సుప్రీముకోర్టునకు పోవలసినదే. దారిఖర్చులకు వెఱచి మానుకొనిన బీదలు ఎందరో!

1826లో పార్లమెంటువారు జ్యూరీ శాసనమును చేసిరి. అంతకుముందు జ్యూరీలో దేశీయులకు చోటు లేదు గనుక ఇది మేలని తోచవచ్చును. కాని హిందువునుగాని మహమ్మదీయునిగాని క్రైస్తవులు విచారింపవచ్చును. క్రైస్తవుని విచారించు జ్యూరీలో హిందువు, మహమ్మదీయుడు కూర్చుండరాదు. గ్రాండు జ్యూరీలో వారి కసలే ప్రవేశము లేదు. శాసనమున జాతి యను మాట లేదు. న్యాయవాదవృత్తిలో నున్న నాకు ఈ నేర్పే మిక్కిలి భయంకరముగా తోచును. మతమను పేరు పెట్టి, పాలకజాతివారు తమ్ము దేశీయులు విచారింపకుండ కట్టుదిట్టము చేసికొనిరి.

రాయలవారు క్రైస్తవద్వేషి యనుట కెవ్వరికిని సాధ్యము కాదు. ఏసు నీతిబోధలను 1820లో స్వయముగా సంకలనము చేసి ప్రకటించినవారు. అయినను హిందువులచేతను మహమ్మదీయులచేతను కూడ సంతకములు చేయించి పార్లమెంటునకు మహజరు నంపిరి. 1828 ఆగస్టు 18వ తేదీన క్రాఫర్డుగారికి వ్రాసిన లేఖలో, న్యాయవిచారణయందు మతభేదమును చొప్పించుటవలన కలుగు కీడునకు ఐర్లండును దృష్టాంతముగా చూపిరి. 1831లో ఇంగ్లండునకు పోయినపిదపను ఈ విషయమును విడువలేదు. ఐరోపావారు హిందూదేశమున స్థిరపడుటనుగూర్చి 1832లో వ్రాసిన వ్యాసమున, అన్ని తరగతులకును ఒకే శాసనములు, ఉభయులును కలిసిన జ్యూరీ యుండవలెనని కోరిరి. ఆ యేటనే చార్లెసు గ్రాంటు తెచ్చిన శాసనము జ్యూరీలోని యీ నిషేధములను తొలగించెను.

1833 సెప్టెంబరు 27వ తేదీన రాయలవారు బ్రిస్టలులో పరమపదించిరి. జ్యూరీ నిషేధము పోయెనే గాని భేదము పోలేదు. 1883లో ఇల్బర్టు బిల్లు దేశీయ న్యాయాధిపతులకు ఐరోపావారిని విచారించు నధికార మియ్యబూనగా, కలకత్తా తెల్లవారు పెద్ద కలవరము చేసిరి. 1884లో కుదిరిన రాజీచే, నిందితుడగు ఐరోపావాడు సగమునకు తక్కువగాకుండ ఐరోపా, అమెరికావారితో కూడిన జ్యూరీని కోరవచ్చునని యేర్పడెను. క్రిమినలు విచారణలో జాతినిబట్టి నిలిచిన ప్రత్యేకహక్కులను స్వతంత్రభారత శాసనసభ 1949లో రద్దుచేసెను.