మంచును నమ్మిన మహనీయుడు – ఫ్రిట్యోఫ్ నాన్సెన్

సూరత్ నగరమున గోడాదరా పేటలో మరమగ్గముల చప్పుడు నడుమ కాపురము చేయు తెలుగు కుటుంబములకు మంచు అనగా వేసవిలో బండిపై అమ్మకమునకు వచ్చు ఐసుగడ్డయే. నీటి కోపము మాత్రము వారికి క్రొత్త గాదు. 2006 ఆగస్టులో తాపీనది పొంగి నగరమున అధిక భాగమును ముంచినది. కాని సముద్రమే గడ్డకట్టి నేలవలె పరచుకొనుట, ఋతువు మారగనే ఆ నేల బీటలు వారి, ముక్కలై, మనుష్యులతో సహా కదలిపోవుట మన దేశపు ఊహకు సులభముగ అందునది కాదు. ఆ వింతను భయపడి విడువక, దానినే నమ్మి ప్రాణము నప్పగించిన సాహసి ఫ్రిట్యోఫ్ నాన్సెన్. ఆయన చరిత్ర ధ్రువయాత్రల చరిత్ర మాత్రమే గాదు. దిక్కులేనివారికి దిక్కైన ఒక మానవుని చరిత్ర కూడ.

నాన్సెన్ 1861 అక్టోబరు 10వ తేదీన నార్వే రాజధాని సమీపమున జన్మించెను. నేడు ఓస్లో అని పిలువబడు ఆ నగరమునకు అప్పుడు క్రిస్టియానియా అని పేరు. తండ్రి న్యాయవాది. బాలుడు చిన్ననాటనే మంచుపై జారుచు ప్రయాణించు విద్యలో ఆరితేరెను. విశ్వవిద్యాలయమున జంతుశాస్త్రమును చేపట్టి, 1882లో సీలు జంతువులను వేటాడు వైకింగ్ అను ఓడపై ఉత్తర సముద్రమునకు పోయెను. గ్రీన్లాండు తూర్పు తీరమునకు దూరముగ ఆ ఓడ మంచులో చిక్కుకొని, కొన్ని వారములు దానితోపాటు కొట్టుకొనిపోయెను. నావికులకు అది నష్టము; ఇరువది యేండ్ల విద్యార్థికి అదియే గురుకులము. మంచు నిలుకడ గలది కాదనియు, దానికొక నడక కలదనియు ఆయన అచ్చట గ్రహించెను.

ఈ మంచు స్వభావమును కొంత తెలిసికొననిచో ఆయన సాహసము అర్థము కాదు. ఉప్పు కలిసిన సముద్రజలము సున్న డిగ్రీల వద్ద గడ్డకట్టదు. అంతకు దాదాపు 1.8 డిగ్రీలు తగ్గవలెను. శీతకాలమంతయు పెరిగి పెరిగి మార్చి నాటికి ఉత్తర సముద్రమున మంచు సుమారు ఒకటిన్నర కోటి చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించును. మే, జూన్ మాసములలో సూర్యుడు అస్తమింపని దినములు రాగా, పైనున్న హిమము కరగి పలకలపై నీటిమడుగులు ఏర్పడును. తెల్లని మంచు ఎండను త్రిప్పికొట్టును. మడుగు నీరు దానిని త్రాగివేయును. అందుచే పలక పలుచనై, గాలికిని అలలకును తాళలేక చీలును. చీలికలలో బయల్పడిన నల్లని నీరు మరింత వేడిని గ్రహించి ఇరుప్రక్కల మంచును తినివేయును. సెప్టెంబరు నాటికి విస్తీర్ణము కనిష్ఠమునకు దిగి, మరల గడ్డకట్టుట ఆరంభమగును. ఇది ఏటేట జరుగు క్రియ.

1888 జూలై 17వ తేదీన నాన్సెన్ ఐదుగురు సహచరులతో జేసన్ అను ఓడ దిగి, రెండు పడవలలో గ్రీన్లాండు తూర్పు తీరమునకు బయలుదేరెను. తీరము కన్నులకు కనిపించుచునే యుండెను. కాని విరిగిన మంచుగడ్డలు పడవలకు దారి యీయవయ్యెను. ఒక మంచుపలకపై డేరా వేసికొని వారు దక్షిణమునకు కొట్టుకొనిపోయిరి. ప్రవాహము వారిని మంచు అంచు వరకు, సముద్రపు అలలు పలకలను పగులగొట్టు చోటి వరకు ఈడ్చి, మరల తీరము వైపునకు త్రిప్పెను. పండ్రెండు దినముల పిమ్మట, అనుకొన్న చోటికి దాదాపు 380 కిలోమీటర్ల దక్షిణమున వారు నేలపై కాలు మోపిరి. అయినను మరలిపోక, తీరము వెంట ఉత్తరమునకు పడవలు నడిపి, ఆగస్టు నడుమ మంచుపీఠభూమి నెక్కి, అక్టోబరులో పడమటి తీరపు గోడ్‌తాబ్ చేరిరి. గ్రీన్లాండు లోతట్టు మంచును అడ్డముగ దాటినవారిలో వారే ప్రథములు. మనుష్యవాసము లేని తూర్పు నుండి ఊళ్లున్న పడమటికి నడచుటయే ఆయన యుక్తి. వెనుకకు మరలుటకు ఏమియు లేనప్పుడు ముందునకే నడువవలెను గదా.

అంతకు ముందే మరియొక ఘటన ఆయన మనస్సున నాటుకొని యుండెను. జీనెట్ అను అమెరికను ఓడ 1881లో సైబీరియాకు ఉత్తరమున మంచు పీడనమున నలిగి మునిగిపోయెను. మూడేండ్ల పిమ్మట ఆ ఓడలోని సామగ్రి గ్రీన్లాండు నైరుతి తీరమున మంచుగడ్డలపై దొరికెను. నార్వే వాతావరణ శాస్త్రజ్ఞుడు హెన్రిక్ మోన్ దీనినిబట్టి ధ్రువసముద్రమున ఒక ప్రవాహము కలదని ఊహించెను. ఆ ఊహను నాన్సెన్ ప్రాణము పెట్టి పరీక్షింప నిశ్చయించెను. మంచుతో పోరాడిన ఓడలు నశించినవి. కావున దానికి లొంగిపోవు ఓడ కావలెను. కోలిన్ ఆర్చర్ అను నిపుణుడు గుండ్రని ప్రక్కలతో ఒక ఓడను నిర్మించెను. మంచు ఇరుప్రక్కల నొక్కినచో అది నలుగక పైకి లేచును. దానికి ఫ్రామ్ అని పేరు. నార్వే భాషలో ముందునకు అని అర్థము. అనుభవశాలురైన ధ్రువయాత్రికులు పెక్కురు ఇది మతిమాలిన పని యని ఖండించిరి.

1893 జూన్ 24వ తేదీన ఫ్రామ్ బయలుదేరెను. ఓడలో చివరకు చేరినవారు పదుమువ్వురు. సెప్టెంబరు చివర సైబీరియాకు ఉత్తరమున మంచు దానిని బిగించెను. ఓడ లెక్క ప్రకారమే పైకి లేచెను. ఎవరికిని హాని కలుగలేదు. కాని నడక మిక్కిలి మందము. ధ్రువము మీదుగ ఓడ పోదని తేలగా, 1895 మార్చి 14వ తేదీన నాన్సెన్ యాల్మార్ యోహాన్సెన్ అను సహచరునితో కుక్కలబండ్లపై ధ్రువము వైపునకు నడచెను. వారు ఉత్తరమునకు నడచుచుండ కాలిక్రింది మంచు దక్షిణమునకు జరుగుచుండెను. ఏప్రిల్ రెండవ వారమునకు 86 డిగ్రీల 14 నిమిషముల సమీపమునకు చేరిరి. అంతవరకు మానవుడెవ్వడును అంత ఉత్తరమునకు పోయి యుండలేదు. అయినను ధ్రువము ఇంక నాలుగు డిగ్రీల దూరమున నుండెను. నాన్సెన్ కీర్తికాంక్షను అణచుకొని వెనుకకు మరలెను. ఆ మరలుటయే ఇరువురి ప్రాణములను కాపాడెను.

మరలుదారిలో వేసవి వచ్చెను. మంచు చీలి, దారులు నీళ్లై, ఒక్కొక్క చీలికను దాటుటకు గంటలు పట్టెను. ఆహారము తక్కువ యగుటచే కుక్కలను ఒకదాని వెంట నొకటి చంపి మిగిలిన కుక్కలకు మేపవలసి వచ్చెను. ఫ్రాంజ్ యోసెఫ్ దీవులు చేరి, రాళ్లతో గుడిసె కట్టి, ఎలుగుబంటి మాంసముతో ఆ చలికాలము గడపిరి. 1896 జూన్‌లో వారి చిన్నపడవలు రెండును త్రాడు తెగి తేలిపోగా, నాన్సెన్ మంచునీటిలో దూకి ఈది వానిని పట్టుకొనెను. అవి పోయినచో మరణమే శరణ్యము. కొలది దినములకే ఫ్రెడెరిక్ జాక్సన్ అను ఆంగ్ల యాత్రికుడు వారికి తటస్థించుట దైవికము. ఆగస్టు 13వ తేదీన వారు నార్వే చేరిరి. అదే దినమున ఫ్రామ్ కూడ స్పిట్స్‌బెర్గెన్ సమీపమున మంచు నుండి విడివడి తేటనీటిలోనికి వచ్చెను. దాదాపు మూడేండ్లు బంధించిన మంచు, ఓడను చెక్కు చెదరకుండ అప్పగించినది.

ఆ యాత్రాఫలము మిక్కిలి గొప్పది. ధ్రువసముద్రము లోతు తక్కువది కాదు, మూడువేల మీటర్లకు మించిన అగాధమని తెలిసినది. చల్లని పైపొర క్రింద అట్లాంటికు నుండి వచ్చిన వెచ్చని నీరు కలదని తెలిసినది. మంచు గాలి వీచు దిక్కుకు గాక, దానికి కుడివైపుగ ఒరగి నడచునని నాన్సెన్ గమనించెను. భూభ్రమణమే దీనికి కారణమని ఎక్మన్ అను స్వీడను శాస్త్రజ్ఞుడు గణితముచే నిరూపించెను.

నార్వే 1905లో స్వీడను నుండి విడివడిన పిమ్మట నాన్సెన్ లండనులో రాయబారిగ పనిచేసెను. 1907లో భార్య ఏవా మరణించుట ఆయనను క్రుంగదీసెను. మొదటి ప్రపంచయుద్ధానంతరము 1920లో నానాజాతి సమితి ఆయనకు యుద్ధఖైదీలను స్వదేశములకు చేర్చు భారము నప్పగించెను. రెండేండ్లలో నాలుగు లక్షలకు పైగా ఖైదీలు ఇండ్లు చేరిరి. 1921లో రష్యా కరవుబాధితులకై ఆయన దేశదేశముల తలుపు తట్టెను. ప్రభుత్వములు చాలవరకు ముఖము చాటువేసినను, ప్రజలిచ్చిన విరాళములతో అన్నము పంపెను. ఏ దేశమునకును చెందని కాందిశీకులకు 1922లో ఒక గుర్తింపు పత్రమును కల్పించెను. నాన్సెన్ పాసుపోర్టు అని దానికి పేరు. సంగీతజ్ఞుడు స్ట్రావిన్‌స్కీ మొదలుకొని ఊరుపేరు లేని కూలివాని వరకు లక్షలమంది దానితో సరిహద్దులు దాటిరి. అదే సంవత్సరము నోబెల్ శాంతి బహుమానము ఆయనను వరించెను. ఆర్మీనియను కాందిశీకులకు స్థిరనివాసము కల్పింపవలెనను ఆయన తుది యత్నము మాత్రము ధనము దొరకక విఫలమయ్యెను. ఆ వేదనతోనే ఆయన 1930 మే 13వ తేదీన స్వగృహమున కన్నుమూసెను.

ఆయన నమ్మిన మంచు నేడు మునుపటిది కాదు. ఉపగ్రహముల లెక్కలు మొదలైన 1979 నుండి సెప్టెంబరు నాటి మంచు విస్తీర్ణము బాగుగ తగ్గినది. 2012లో అది సుమారు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు దిగెను. 2019లో పోలార్‌స్టెర్న్ అను జర్మను ఓడ నాన్సెన్ వలెనే మంచులో బంధింపబడి ప్రవాహముతో సాగెను. పది నెలలకే, 2020 జూలై చివర, దాని ఆశ్రయమైన పలక ముక్కలయ్యెను. మన దేశము కూడ 2008లో స్పిట్స్‌బెర్గెన్ దీవిపై హిమాద్రి యను పరిశోధనాలయమును స్థాపించి ఈ మార్పులను గమనించుచున్నది.

బ్రతుకుతెరువునకై ఊరు విడిచి గోడాదరా వంటి పేటలు చేరినవారికి, క్రొత్తచోట తామెవరో చెప్పు ఒక కాగితము విలువ వేరుగ వివరింపనక్కరలేదు. కాలిక్రింది నేల కదలిపోవుట ఎట్టిదో నాన్సెన్ స్వయముగ ఎరిగినవాడు. కనుకనే నేల కోల్పోయినవారి చేతిలో ఆ కాగితము నుంచగలిగెను.