గీతలు లెక్కపెట్టిన సూరి భగవంతం

పిల్లలూ! రాత్రిపూట కర్మాగారం వైపు ఆకాశం ఎర్రబడటం మీరంతా చూసే ఉంటారు. జంషెడ్‌పూర్ వచ్చిన కొత్తలో మేము ఎక్కడో నిప్పంటుకుందని కంగారుపడ్డాం. కరిగిన చిట్టెం పారబోస్తున్నారని పక్కింటివారు చెప్పాక నవ్వుకున్నాం. ఆ ఉక్కులో ఏ మూలకం ఎంత ఉందో తెలియాలంటే, చిన్న ముక్కకు విద్యుత్ రవ్వ తగిలించి, పుట్టిన వెలుగును రంగురంగుల గీతలుగా విడదీసి చూస్తారు. పదార్థం తన గుట్టు వెలుతురులో బయటపెడుతుందన్నమాట. ఆ గీతలు చదవడంలో ఆరితేరిన మన తెలుగువారు సూరి భగవంతం గారు.

1909లో నాటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. హైదరాబాదు నిజాం కళాశాలలో చదువుకున్నారు. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో సర్ సి.వి. రామన్ గారు తమ ఫలితాన్ని కనుగొన్నారు. అదే ఏడాది భగవంతం గారు ఆయన దగ్గర చేరారు. అప్పటికి ఇంకా ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు!

ఒకే రంగు కాంతిని ద్రవంలోకి పంపితే, చెదిరిన కాంతిలో చాలావరకు అదే రంగులో ఉంటుంది. ఏ కొంచెమో మాత్రం రంగు మారుతుంది. అణువు ఊగుతూ కాంతి నుంచి కాస్త శక్తి తీసుకుంటుంది, లేదా ఇస్తుంది. అందుకే ఆ మార్పు. 1931లో గురుశిష్యులిద్దరూ కలిసి కాంతి కణానికి భ్రమణ గుణం ఉందని ప్రయోగం ద్వారా చూపారు.

1932లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. మా దృష్టిలో ఆయన అసలు గొప్పదనం ఇక్కడే ఉంది. ఏ అణువు ఎన్ని గీతలు చూపుతుందో దాని ఆకారాన్ని బట్టి ముందే చెప్పవచ్చా?

సైన్సు మేడంగారిని అడిగి, మా ఏడో తరగతిలో ముగ్గురిని చేతులు పట్టుకుని వరుసగా నిలబెట్టాం. నడుమ కార్బన్, అటూ ఇటూ ఆక్సిజన్. చివరివారిద్దరూ ఒకేసారి బయటికి జరిగితే అణువు మొత్తం సాగుతుంది. ఆ కదలిక రామన్ గీతగా కనిపిస్తుంది. ఒకరు దగ్గరికి, ఒకరు దూరానికి జరిగితే ఒకవైపు మార్పును రెండోవైపు చెరిపేస్తుంది, గీత కనిపించదు. ఇది సౌష్ఠవం చేసే పని. స్ఫటికంలో లెక్కలేనన్ని పరమాణువులుంటాయి కదా, మరి వాటి సంగతో? మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న గడి ఒక్కదాన్ని పరిశీలిస్తే చాలని, టి. వెంకటరాయుడు గారితో కలిసి 1939లో దారి చూపారు. 1940లో కాంతి పరిక్షేపణంపై పుస్తకం రాశారు.

తర్వాత బదిలీలే బదిలీలు! మీకూ మాకూ అలవాటైనవే. లండన్, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉపకులపతి పదవి, 1957లో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ డైరెక్టరు పదవి, ఆపైన రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారు బాధ్యత. దేశానికి అవన్నీ కావలసినవే. అయినా వాల్తేరు ప్రయోగశాలలో మరో పదేళ్ళు ఉండి ఉంటే ఏమేం కనిపెట్టేవారో అని మాకో చిన్న వెలితి. 1989లో కన్నుమూశారు.

కార్బన్‌గా నిలబడ్డ అమ్మాయి నాన్నగారికి పోయిన నెల విశాఖపట్నం బదిలీ అయింది. సామాను సర్దుకుంటూ టీసీ కోసం వచ్చినప్పుడు, వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగం ఎక్కడుందో చూసి మాకు ఉత్తరం రాయమన్నాం. ఎదురుచూస్తున్నాం.