విశ్వేశ్వరయ్యగారు - త్రాగునీరు
మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పూర్వులు ఆంధ్రదేశపు మోక్షగుండమునుండి మైసూరుసీమకు వచ్చిరి. ముద్దేనహళ్ళిలో జన్మించి, బాల్యముననే తండ్రిని కోల్పోయిన వారు, పిల్లలకు పాఠములు చెప్పుకొనుచు చదివి 1881లో బెంగుళూరున పట్టభద్రులైరి.

ఇంజనీరై సింధుదేశపు సుక్కూరు చేరిరి. అచ్చట నదినీరు బురద. వడపోతశాలకు పురపాలక సంఘమున ధనము లేదు. వారు నదిలోనే బావి త్రవ్వించి, ఇసుక వడగట్టిన తేటనీటిని యంత్రములచే పైకెక్కించి ఊరికిచ్చిరి. 1908 మూసీ వరద పిదప హైదరాబాదునకు జలాశయములు సూచించిరి. వారి సలహాతో 1933లో అర్కావతిపై తిప్పగొండనహళ్ళి జలాశయము వెలసినది. 1962లో నూరేండ్లు నిండిన పిదప గతించిరి.

నగరము పెరిగినది. నేడు కావేరీజలము తొరెకాడనహళ్ళిలో మడ్డి తేరి, ఇసుకలో వడిసి, క్లోరినుతో శుద్ధియై నూరు కిలోమీటర్లు దాటి మనకు వచ్చుచున్నది. సుక్కూరున ఇసుక చేసిన పనినే ఇచ్చటను ఇసుక చేయుచున్నది. విద్యార్థులారా! మారతహళ్ళిలో కుళాయి త్రిప్పునపుడు ఆ శ్రమను తలంతము. బొట్టైనను వృథా చేయకుందము.