తెల్లారకముందే కొండెక్కిన మల్లి మస్తాన్ బాబు



పొద్దుగాల స్టడీ అవర్ బెల్లు కొట్టంగనే మనలో సగం మంది దుప్పటి ఇంకా గట్టిగ కప్పుకుంటరు. అందుకే ఈసారి గోడపత్రికల మనకన్నా ముందు లేచేటోళ్ళ ముచ్చట రాస్తున్న. మంచు కొండలు ఎక్కేటోళ్ళు రాత్రి పదకొండు, పన్నెండు గంటలకే గుడారం విడిచి నడక మొదలు పెడతరు. అట్ల నడిచినవాళ్ళలో మన తెలుగు మనిషి ఒకాయన ఉన్నారు. ఆయనే మల్లి మస్తాన్ బాబు. ఆయన చనిపోయి పదేండ్లు దాటింది. చిన్న తరగతుల తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఆయన పేరు విని ఉండరు.

మస్తాన్ బాబు 1974 సెప్టెంబరు 3న నెల్లూరు జిల్లా సంగం మండలంలోని గాంధీ జనసంగం అనే పల్లెలో పుట్టారు. తండ్రి మస్తానయ్య, తల్లి సుబ్బమ్మ. ఆ పల్లె చుట్టూ ఉన్నవి వరి పొలాలు, పెన్నా నది. మంచు కొండ కాదు కదా, మంచు ముక్క కూడా కనిపించే చోటు కాదు.

చిన్నతనంలోనే ఆయన ఇల్లు విడిచి విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక్ స్కూలులో చేరారు. అంటే ఆయన కూడా మనలాగే హాస్టల్ పిల్లగాడే. సెలవులు వస్తేనే ఇల్లు. ఆ బడిలో చదివి సైన్యంలో చేరిన ఉదయ భాస్కర్ రావు అనే లెఫ్టినెంట్, 1985లో మన సైన్యం ఎవరెస్టు మీదికి పోయినప్పుడు అక్కడే ప్రాణం విడిచారు. ఆ వీరుని కథ మస్తాన్ బాబు మనసులో నాటుకుంది. కొండ మనిషిని చంపగలదని ఆయనకు బడి వయసులోనే తెలుసు. తెలిసే ఆ దారి పట్టారు.

అయితే చదువు వదిలి కొండలు పట్టుకొని పోలేదు. జంషెడ్‌పూర్‌లో ఇంజనీరింగ్, ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.లో ఎం.టెక్, కలకత్తా ఐ.ఐ.ఎం.లో మేనేజ్‌మెంట్ చదువు, అన్నీ పూర్తి చేశారు. మధ్యలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కూడా చేశారు. పెద్ద జీతంతో హాయిగ బతకవచ్చు. ఆయన మాత్రం కొండలనే ఎంచుకున్నారు.

2006లో ఏడు ఖండాల్లోని ఏడు ఎత్తైన శిఖరాలు ఎక్కారు. జనవరి 19న అంటార్కిటికాలో విన్సన్, ఫిబ్రవరి 17న దక్షిణ అమెరికాలో అకాంకాగువా, మార్చి 15న ఆఫ్రికాలో కిలిమంజారో, ఏప్రిల్ 1న ఆస్ట్రేలియాలో కోస్కియుస్కో, మే 21న ఎవరెస్టు, జూన్ 13న యూరప్‌లో ఎల్‌బ్రస్, జులై 10న ఉత్తర అమెరికాలో దెనాలి. మొదటి శిఖరం నుంచి చివరి శిఖరం దాకా 172 రోజులు. ఇందులో ఒక తమాషా ఉంది. పాత క్యాలెండర్ దొరికితే చూడండి. గురువారం, శుక్రవారం, బుధవారం, శనివారం, ఆదివారం, మంగళవారం, సోమవారం. వారంలో ఒక్కో రోజుకు ఒక్కో శిఖరం!

ఇప్పుడు అసలు సంగతికి వస్త. అర్ధరాత్రి చలిలో, తలకు దీపం కట్టుకొని ఎక్కుడెందుకు? హాయిగ ఎండ వచ్చినంక పోవచ్చు గద?

మన తారు రోడ్డు చూడండి. పొద్దుగాల రాయి లెక్క గట్టిగుంటది. మే నెల మిట్టమధ్యాహ్నం చెప్పులకు అంటుకుంటది. మంచు కొండ కూడా అంతే. ఎండకాలం మొదలయ్యే నెలల్లో పగలు మంచు కొంచెం కరుగుతది. రాత్రి చలికి మళ్ళీ గడ్డ కట్టి పైన గట్టి పెంకు ఏర్పడతది. తెల్లవారుజామున ఆ పెంకు మీద బూటుకు కట్టిన ఇనుప ముండ్లు బాగ పట్టుకుంటయి. పొద్దెక్కినకొద్దీ మంచు మెత్తబడి, తడిసి, బరువెక్కుతది. మోకాళ్ళ దాక దిగబడతది. ఒక్కోసారి వాలు మొత్తం ఊడి కిందికి జారుతది. దాన్నే హిమపాతం అంటరు. మన జామెట్రీ బాక్సులో రెండు మూలమట్టాలు ఉంటయి గద. వాటిలోని 30 డిగ్రీలు, 45 డిగ్రీల కోణాలు చూడండి. ఎక్కువ హిమపాతాలు ఆ రెండింటి మధ్య వాలులోనే జరుగుతయి.

కాళ్ళకు స్కీలు అనే పొడుగాటి పలకలు కట్టుకొని కొండెక్కి, అక్కడి నుంచి జారేటోళ్ళు కూడా ఇదే లెక్క పాటిస్తరు. ఎల్‌బ్రస్ కొండకు అట్లాంటివాళ్ళు చాలా మంది వస్తరు. చీకట్లో ఎక్కుతరు. ఎండ తగిలి పైపొర అర అంగుళం, అంగుళం మెత్తబడగానే దిగుతరు. మరీ ముందు దిగితే అద్దం మీద జారినట్టే. ఆలస్యమైతే హిమపాతం భయం. ఆ మంచి సమయం గంటో, రెండు గంటలో ఉంటది. శిఖరం ఎంత దగ్గరున్నా, పెట్టుకున్న సమయం దాటితే వెనక్కి తిరగాలె. ఎక్కుడు కన్నా ఆ తిరుగుడే కష్టం.

2014 డిసెంబరులో మస్తాన్ బాబు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలకు పోయారు. 2015 మార్చి 24న అర్జెంటీనా, చిలీ దేశాల సరిహద్దులోని ట్రెస్ క్రూసెస్ సుర్ అనే 6,748 మీటర్ల శిఖరానికి ఒంటరిగా బయలుదేరారు. అవే రోజుల్లో అక్కడ వాతావరణం తలకిందులైంది. చుక్క వాన పడని చిలీ ఎడారిలో కూడా వరదలు వచ్చినయి. ఆయన తిరిగి రాలేదు. గాలింపు జరిగింది. ఏప్రిల్ మొదటి వారంలో మృతదేహం కనిపించింది. వయసు 40 ఏండ్లు. అదే నెలలో సొంత ఊరికి తెచ్చి ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు చేశారు. ఆ తల్లి దుఃఖం రాయడానికి నా దగ్గర మాటలు లేవు.

ఇది రాస్తుంటే ఒక ఆలోచన వచ్చింది. అన్ని కొండలు గెలిచినాయనకు కూడా ఒక కొండ మీద ప్రకృతి ఎదురు తిరిగింది. పక్కన తాడు పట్టేందుకు ఇంకొకరు లేరు. ఆయన ధైర్యాన్ని తక్కువ చేయడం కాదు. ధైర్యం ఉన్నా తోడు కావాలె అని నాకు అనిపిస్తది.

ఆయన పోవడానికి ఏడాది ముందు, 2014 మే 25న, మన లాంటి గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేండ్లు కూడా నిండలేదు. వాళ్ళు భువనగిరి రాతిగుట్ట మీద పాఠం మొదలు పెట్టి, జట్టుగ పోయి, క్షేమంగ తిరిగి వచ్చారు. మన జిల్లాలో రేగొండ దగ్గర పాండవుల గుట్టలు ఉన్నయి. అక్కడ కూడా తాళ్ళతో రాళ్ళెక్కే శిక్షణ ఇచ్చారు. వార్డెన్ సార్ ఒక ఆదివారం తీసుకపోతే పోదాం. ఒంటరిగ, చెప్పకుండ మాత్రం ఎవరూ పోవద్దు.

రేపు పొద్దుగాల బెల్లు కొట్టినప్పుడు ఒక్కసారి మస్తాన్ బాబును తలుచుకోండి. గట్టి మంచు లెక్క, తెల్లవారుజామున మన బుర్ర కూడా గట్టిగ పట్టుకుంటది. మధ్యాహ్నం దాక ఆగితే మెత్తబడతది!

మల్లి మస్తాన్ బాబుకు జోహార్లు.

– మీ తోటి విద్యార్థి, 9వ తరగతి