చెరగని చెలిమి

అమెరికా నవలా రచయిత్రి విల్లా కేథర్ 1873లో వర్జీనియాలో జన్మించింది. 1883లో ఆమె కుటుంబం నెబ్రాస్కా రాష్ట్రంలోని ప్రైరీ గడ్డిభూములకు వలస వెళ్ళి, మరుసటి సంవత్సరం రెడ్ క్లౌడ్ పట్టణంలో స్థిరపడింది. అక్కడ పొరుగింట పనికి కుదిరిన అన్నా సాదిలెక్‌తో విల్లాకు చెలిమి కలిసింది. బొహీమియా నుండి వచ్చిన ఆ రైతుబిడ్డ చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయి, కుటుంబానికి ఆసరాగా నిలిచింది. చదువు, పత్రికారంగం విల్లాను న్యూయార్క్ చేర్చాయి; అన్నా ఒక రైతును వివాహమాడి, పెద్ద సంసారంతో ఆ నేలనే నమ్ముకొన్నది. అయినా వారి స్నేహబంధం సడలలేదు. 1918లో విల్లా తన నేస్తాన్నే నాయికగా మలచి 'మై ఆంటోనియా' నవలను వెలువరించింది. 1930ల కరవుకాలంలో అన్నా కుటుంబానికి ధనసహాయం చేసింది. 1947లో విల్లా కన్నుమూసింది. లోకం పనిపిల్లగా చూసిన బాలిక ఆమె రచనలో చిరస్థాయిగా నిలిచింది.